పదకొండు నెలల పాప పొద్దున ఏడుస్తుంది, సాయంత్రం ముఖం తిప్పుకుంటుంది: అనుబంధం దెబ్బతిన్నట్టేనా?

మీరు రాసినదాంట్లో ముఖ్యమైన విషయాలు ఇవి. పాపకు 11 నెలలు. కాన్పు తర్వాత మొదటి మూడు నెలలు మీకు డిప్రెషన్, ఆ రోజుల్లో పాపను ఎక్కువగా మీ అమ్మగారే చూసుకున్నారు. రెండు వారాల కిందట మీరు మళ్ళీ ఉద్యోగంలో చేరారు, పగలు పాపను చూసుకోవడానికి కొత్తగా ఒకామె వస్తోంది. పొద్దున మీరు బయల్దేరుతుంటే పాప గుక్కపట్టి ఏడుస్తోంది. సాయంత్రం మీరు రాగానే దగ్గరికి రాకుండా ముఖం తిప్పుకుంటోంది. అటాచ్‌మెంట్ ఒకసారి దెబ్బతింటే మళ్ళీ కుదరదని ఎక్కడో చదివి మీకు నిద్ర పట్టడం లేదు. నిజంగా దెబ్బతిన్నదా, సరిచేసుకోవచ్చా, ఎవరిని కలవాలి, నమ్మదగిన సమాచారం ఎక్కడుంది అని అడిగారు.

ముందు సూటిగా చెప్తాను. మీరు రాసినవాటిలో అనుబంధం దెబ్బతిన్నదనడానికి ఆధారం ఏదీ లేదు. పొద్దున ఏడుపు అనుబంధం ఉందనడానికే గుర్తు. సాయంత్రం అలక ఇంత పెద్ద మార్పు వచ్చిన రెండు వారాల్లో చాలామంది పిల్లలు చూపించేదే. నేనైతే రెండు విషయాలు గమనించమంటాను. దెబ్బ తగిలినప్పుడో భయం వేసినప్పుడో పాప ఎవరి వైపు తిరుగుతోంది, ఎంతసేపటికి కుదుటపడుతోంది? ఇప్పుడు మీ మనసు ఎలా ఉంది? నిద్ర పట్టడం లేదన్న మాట మీరు చివర్లో ముక్తసరిగా రాశారు గానీ, దాని గురించి కింద వివరంగానే రాశాను. దయచేసి ఆ భాగం దాటవేయకండి.

ఇంటర్నెట్‌లో అటాచ్‌మెంట్‌ను ప్రేమకు మారుపేరులా వాడేస్తున్నారు. అటాచ్‌మెంట్ సిద్ధాంతంలో దాని అర్థం అంత విశాలమైనది కాదు. బ్రిటిష్ మనోవైద్యుడు జాన్ బౌల్బీ చెప్పింది ఇది: పసిబిడ్డలో పుట్టుకతో ఒక ఏర్పాటు ఉంటుంది. నొప్పి, అలసట, భయం కలిగితే అది మేల్కొని బిడ్డను ఒక ఫలానా మనిషి దగ్గరికి చేరమంటుంది. అక్కడ కుదుటపడగానే అది సద్దుమణుగుతుంది, చుట్టూ ఉన్న వస్తువుల మీద ఆసక్తి లేస్తుంది. పారాడుతూ కాస్త దూరం పోయి, వెనక్కి తిరిగి మిమ్మల్ని ఒకసారి చూసి, మళ్ళీ బొమ్మ మీదికి పోయే పాపలో ఈ రెండూ ఒకే నిమిషంలో కనబడతాయి. మనకు దీనికి మంచి మాటలే ఉన్నాయి: మాలిమి, బెంగ. మాలిమి కానివాళ్ళ మీద ఏ పిల్లా బెంగపడదు.

ఈ మాలిమి ఒక వరసలో ఏర్పడుతుంది. మొదటి రెండు నెలల్లో బిడ్డకు మనిషి ముఖం, గొంతు, వాసన ఇష్టమే గానీ, ఎవరు ఎత్తుకున్నా దాదాపు ఒకటే. ఆరు నుంచి ఎనిమిది వారాల మధ్య ఎదుటి ముఖాన్ని చూసి నవ్వడం మొదలవుతుంది. ఆ తర్వాత తెలిసినవాళ్ళకు ఎక్కువ నవ్వులు, తెలియనివాళ్ళకు తక్కువ. ఆరేడు నెలలు నిండాకే "ఈ మనిషే కావాలి" అన్నది గట్టిపడుతుంది. కొత్తవాళ్ళను చూసి బెదరడం, అమ్మ గది దాటితే ఏడవడం అప్పుడే మొదలవుతాయి. కంటికి కనబడకపోయినా మనిషి ఎక్కడో ఉందని అర్థమయ్యేంత జ్ఞాపకం అప్పుడే వస్తుంది, ఎప్పుడు తిరిగి వస్తుందో ఊహించే శక్తి మాత్రం ఇంకా రాదు. ఈ రెండింటి మధ్య ఎడమే బెంగ. అది సాధారణంగా 10 నుంచి 18 నెలల మధ్య ఎక్కువగా ఉంటుంది. మీరు ఉద్యోగంలో చేరింది సరిగ్గా ఆ కాలంలో. ఇందులో తప్పేమీ లేదు, ఏడుపు ఇంత గట్టిగా ఎందుకుందో మాత్రం దీంతో తెలుస్తుంది.

ఆ మొదటి మూడు నెలల సంగతి కూడా ఈ వరసలోనే చూడాలి. ఫలానా మనిషితో అనుబంధం గట్టిపడే కాలానికి మీరు కోలుకున్నారు. అంతకుముందు పాపను పట్టించుకునే మనిషి లేకుండా పోలేదు, మీ అమ్మగారు ఉన్నారు. పుట్టిన మొదటి గంటల్లో బంధం పడకపోతే ఇక పడదన్నది పాత నమ్మకం, పరిశోధనలో అది నిలవలేదు. బిడ్డను ఒంటికి ఆనించి పడుకోబెట్టుకోవడం ఒంటి వేడికి, పాలు పట్టడానికి నిజంగా మేలే. అది తప్పిపోతే తలుపు మూసుకుపోతుందనుకుంటే, నెలల తర్వాత దత్తతకు వెళ్ళిన పిల్లలు కొత్త తల్లిదండ్రులతో గట్టి అనుబంధం పెంచుకోవడం జరిగేదే కాదు.

అమ్మమ్మతో మాలిమి ఎక్కువైతే మీతో తగ్గుతుందన్న భయం కూడా వద్దు. గ్లాస్గోలో షాఫర్, ఎమర్సన్ అనే పరిశోధకులు 60 మంది పసిపిల్లలను గమనించి 1964లో ప్రచురించిన అధ్యయనంలో, ఏడాదిన్నర వచ్చేసరికి ఎక్కువమంది పిల్లలకు ఒకరికంటే ఎక్కువమందితో అనుబంధం ఉంది. నాన్నలు, తాతలు, అమ్మమ్మలు, తోబుట్టువులు అందరూ ఆ జాబితాలో ఉన్నారు. ఎవరు ఎక్కువ గంటలు దగ్గరున్నారన్నదానికంటే, ఎవరు బిడ్డ సైగలకు త్వరగా స్పందించారన్నదే అక్కడ ఎక్కువ లెక్కకొచ్చింది.

"సెక్యూర్", "అవాయిడెంట్" అన్న పేర్లు మీరు చదివే ఉంటారు. అవి అమెరికాలో మనస్తత్వవేత్త మేరీ ఎయిన్స్‌వర్త్ రూపొందించిన ఒక పరిశీలన నుంచి వచ్చాయి. దాని పేరు స్ట్రేంజ్ సిచ్యుయేషన్. 12 నుంచి 18 నెలల పిల్లలకు, తెలియని గదిలో, ఎనిమిది ఘట్టాలుగా, మొత్తం 20 నిమిషాల్లో చేస్తారు. తల్లి రెండుసార్లు బయటికి వెళ్ళి వస్తుంది, మధ్యలో ఒక అపరిచితురాలు ఉంటుంది. పరిశీలకులు ఎక్కువగా చూసేది తల్లి తిరిగొచ్చినప్పుడు బిడ్డ ఏం చేసిందన్నది. వెళ్ళేటప్పుడు ఎంత ఏడ్చిందన్నదానికి అంత బరువు లేదు, ఎందుకంటే అది బిడ్డ స్వభావాన్ని బట్టి కూడా మారుతుంది. దగ్గరికొచ్చి కుదుటపడి మళ్ళీ ఆటలో పడేది సురక్షిత (సెక్యూర్) అనుబంధం. తల్లిని పట్టించుకోనట్టు ఆటలోనే ఉండిపోయేది తప్పించుకునే (అవాయిడెంట్) తీరు. ఎత్తుకోమని చేతులు చాచి, ఎత్తుకుంటే తన్నుతూ ఎంతకీ ఊరడిల్లనిది పెనుగులాడే తీరు. ఏ పద్ధతీ లేకుండా ఉన్నచోటే బిగుసుకుపోవడం, దగ్గరికి రాబోయి వెనక్కి తగ్గడం లాంటివి కనబడితే దాన్ని మేరీ మెయిన్, జుడిత్ సాలమన్ 1980లలో అస్తవ్యస్త తీరు అని విడిగా గుర్తించారు.

తప్పించుకునే తీరున్న పిల్లల గుండె వేగం కొలిచినప్పుడు, పైకి ఏమీ పట్టనట్టున్నా లోపల కలత ఉందని తేలింది. అది చదివి "మా పాపా అంతే" అనుకోకండి. పెద్ద ఇబ్బందులు లేని కుటుంబాల్లో సుమారు 60 శాతానికి పైగా పిల్లలు సురక్షిత తీరులో ఉంటారు, మిగిలినవాళ్ళు మిగతా తీరుల్లో. అంటే మిగతా తీరులు జబ్బులు కావు, ఆ బిడ్డ ఆ మనిషితో నెగ్గుకురావడానికి నేర్చుకున్న పద్ధతులు. అదే బిడ్డ అమ్మతో ఒక తీరుగా, నాన్నతో మరో తీరుగా ఉండొచ్చు. పరిస్థితి మారితే తీరూ మారొచ్చు. పైగా ఆ లెక్కలు వేసేవాళ్ళు నెలల తరబడి శిక్షణ పొంది, పదే పదే వీడియో చూసి నిర్ణయిస్తారు. అలసిన సాయంత్రం, ఆకలిగా ఉన్న పాపతో, సొంత ఇంట్లో, మీకు మీరే వేసుకునే తీర్పు ఆ పరీక్ష కాదు. దయచేసి కావాలని గదిలోంచి వెళ్ళి వచ్చి పాపను పరీక్షించకండి. ఈ పొరపాటు చాలామంది చేస్తారు, దానివల్ల పాపకు ఇంకా కలత తప్ప మరేమీ రాదు.

పరీక్షకు బదులు ఒక వారం గమనించండి. ఒక చిన్న పుస్తకంలో రోజుకు మూడు నాలుగు పంక్తులు చాలు. పడి దెబ్బ తగిలినప్పుడు, పెద్ద శబ్దానికి ఉలిక్కిపడినప్పుడు, నిద్ర ముంచుకొచ్చినప్పుడు ఎవరి వైపు తిరిగింది? ఎత్తుకున్నాక ఒళ్ళు వదులు చేసి ఒదిగిందా, బిర్రబిగిసిందా? ఏడుపు ఆగడానికి సుమారు ఎన్ని నిమిషాలు పట్టింది? ఆగాక మళ్ళీ ఆటలో పడిందా? మీరు వచ్చిన అరగంట తర్వాత ఎలా ఉంది? ఈ ఆఖరి ప్రశ్న మీ విషయంలో ముఖ్యం. వచ్చిన మొదటి అయిదు నిమిషాలు ముఖం తిప్పుకున్నా, అరగంటకల్లా మీ ఒళ్ళో ఉంటే, అది మారడానికి పాప తీసుకుంటున్న సమయం మాత్రమే. వారాలు గడిచినా, నొప్పి కలిగినప్పుడు కూడా ఎవరి దగ్గరికీ వెళ్ళకపోతే అప్పుడు నిపుణులకు చూపించాలి.

సాయంత్రం ఎలా మొదలుపెట్టాలంటే, వస్తూనే లాక్కుని ఎత్తుకోకండి. చేతులు కడుక్కుని, ఫోన్ కంటికి కనబడనిచోట పెట్టి, పాపకు రెండు మూడు అడుగుల దూరంలో నేల మీద కూర్చోండి. ఆమె కళ్ళ ఎత్తులో మీ ముఖం ఉండాలి. పేరు ఒక్కసారి పిలిచి "అమ్మ వచ్చేసింది" అని ఊరుకోండి. తర్వాత పాప ఏం చేస్తే దాన్నే ఒక చిన్న మాటగా చెప్పండి: "గిన్నె తిరగేశావే." చాలామంది పిల్లలు కొన్ని నిమిషాల్లోనే ఒక వస్తువు తెచ్చి ఇస్తారు, లేదా వీపు ఆనించి కూర్చుంటారు. అదే వాళ్ళ పిలుపు. ముఖం తిప్పుకుంది కదా అని నొచ్చుకుని మీరూ వంటపనిలో పడిపోతే, పాప తయారయ్యే సమయానికి మీరు అక్కడ ఉండరు. ఈ వ్యవహారంలో ఎక్కువగా జరిగే నష్టం ఇదే. "ఏంటే, నామీద కోపమా, అమ్మ అక్కర్లేదా" అని ఆటపట్టించడం కూడా మానండి. మాట అర్థం కాకపోయినా, గొంతులోని నిష్ఠూరం పాపకు తెలుస్తుంది.

ఇక రోజూ చేయాల్సింది ఆశ్చర్యపడేంత చిన్నది. పది పదిహేను నిమిషాలు, నేల మీద, ఆట పాప చేతిలో, మీరు వెనక. పాప దేన్ని చూస్తోందో మీరూ దాన్నే చూడండి. ఒక మాట అనండి. అన్నాక ఆగండి. పాప జవాబు ఇవ్వడానికి పెద్దవాళ్ళు అనుకునేదానికంటే ఎక్కువ సమయం పడుతుంది, మనసులో అయిదు దాకా, అవసరమైతే పది దాకా లెక్కపెట్టండి. చూపు, శబ్దం, చేయి కదపడం, ఏదైనా జవాబే. దానికి మీరు మళ్ళీ స్పందించండి. హార్వర్డ్ విశ్వవిద్యాలయంలోని పిల్లల వికాస కేంద్రం దీన్ని ఆటలో బంతి అటూ ఇటూ కొట్టుకోవడంతో పోల్చి చెబుతుంది. అక్కడ ఎక్కువమంది చేసే తప్పు ఆగకపోవడం. "ఇదేంటి? రంగేంటి? ఆవు ఎలా అరుస్తుంది?" అని ప్రశ్నల వాన కురిపిస్తే బంతి ఒకవైపు నుంచే వస్తూ ఉంటుంది.

పాప చాలు అన్నప్పుడు కూడా గుర్తుపట్టాలి. చూపు పక్కకు తిప్పడం, ఆవులింత, వెక్కిళ్ళు, వేళ్ళు విప్పార్చి చేయి అడ్డం పెట్టడం, వీపు విరవడం ఇవన్నీ "కాసేపు ఆపు" అన్న సైగలే. అప్పుడు ముఖానికి అడ్డం వెళ్ళి నవ్వించే ప్రయత్నం చేయకుండా ఒక నిమిషం నెమ్మదించండి. పాప తనంతట తాను మళ్ళీ మీ వైపు తిరుగుతుంది. ముఖం తిప్పుకోవడం ప్రతిసారీ తిరస్కారం కాదు. ఈ వయసు పిల్లలకు తమ ఉద్వేగాన్ని తగ్గించుకోవడానికి చేతిలో ఉన్న కొద్దిపాటి సాధనాల్లో అది ఒకటి.

ఇక్కడ ఒక లెక్క మీకు ఊరటనిస్తుంది. తల్లి కాసేపు ఏ భావమూ లేని ముఖంతో కూర్చుంటే బిడ్డ ఎంత కలతపడుతుందో చూపించిన స్టిల్ ఫేస్ ప్రయోగం గురించి మీరు వినే ఉంటారు. ఆ ప్రయోగం చేసిన ఎడ్వర్డ్ ట్రానిక్ మామూలు తల్లీబిడ్డల ఆటను క్షణక్షణం కొలిచి చూస్తే, ఇద్దరి శ్రుతి కలిసి ఉన్న సమయం సుమారు 30 శాతమే అని తేలింది. మిగిలిన సమయమంతా తప్పిపోవడం, మళ్ళీ కలుసుకోవడం. ఆరోగ్యంగా ఉన్న జంటల్లోనూ ఇంతే. తప్పిపోయినప్పుడు మళ్ళీ సర్దుకోవడంలోనే "నా కలత తగ్గుతుంది, ఈ మనిషి తిరిగి నా దగ్గరికి వస్తుంది" అన్నది బిడ్డ నేర్చుకుంటుంది. అందువల్ల మీరు ఒక సాయంత్రం విసుక్కుంటే, విసుగు తగ్గాక వెళ్ళి ఎత్తుకుని, నెమ్మదిగా మాట్లాడండి. ఆ తిరిగి వెళ్ళడమే పని. బిడ్డ సైగలను గుర్తించి స్పందించే తల్లి నేర్పుకూ బిడ్డ సురక్షిత అనుబంధానికీ మధ్య సంబంధం నిజమే గానీ, అనేక అధ్యయనాలను కలిపి చూసినప్పుడు అది ఒక మోస్తరు బలమైనదే. ప్రతి ఏడుపుకూ క్షణంలో పరుగెత్తాలి, ఒక్క నిమిషం విడవకూడదు, పక్కలోనే పడుకోబెట్టుకోవాలి అని చెప్పే పెంపకం పద్ధతులకు అటాచ్‌మెంట్ అన్న పేరు తగిలించినా, బౌల్బీ, ఎయిన్స్‌వర్త్‌ల పరిశోధన వాటిని షరతులుగా పెట్టలేదు.

"ఎత్తుకుంటే చేతులు మరుగుతుంది" అని మీకు ఎవరో చెప్పారని కూడా రాశారు. ఎయిన్స్‌వర్త్, సిల్వియా బెల్ 26 కుటుంబాలను ఏడాది పాటు గమనించి 1972లో రాసినదాని ప్రకారం, ఏడిస్తే వెంటనే పట్టించుకున్న పిల్లలు ఏడాది చివరికి తక్కువ ఏడ్చారు. ఆ లెక్కల మీద తర్వాత విమర్శలు వచ్చాయి, కాబట్టి దాన్ని సూత్రంగా పట్టుకోను. కలతపడిన బిడ్డను ఎత్తుకోవడం వల్ల బిడ్డ చెడిపోతుందని మాత్రం ఏ మంచి ఆధారమూ లేదు.

పొద్దున బయల్దేరే పద్ధతి గురించి. పాప ఆటలో ఉండగా చెప్పకుండా జారుకోవద్దు. ఆ పూట ఏడుపు తప్పుతుంది, దాని బదులు పాప మిమ్మల్ని రోజంతా కనిపెట్టుకునే ఉంటుంది, ఎందుకంటే మీరు ఎప్పుడు మాయమవుతారో తెలియదు. పదిహేను నిమిషాల ముందే చూసుకునే ఆమె రావాలి. ఆమె పాపతో ఆటలో కుదిరాక, పాపను మీ చేతుల్లోంచి ఆమె చేతుల్లోకి ఇవ్వండి, నేల మీద వదిలి వెళ్ళకండి. రోజూ అవే మాటలు, అదే ముద్దు, అదే చేయి ఊపడం, మొత్తం ఒక నిమిషం లోపు. ఏడుపు విని గుమ్మం దాకా వెళ్ళి మళ్ళీ లోపలికి రావద్దు. అలా రెండు మూడుసార్లు చేస్తే విడిపోవడం ఒకసారి కాదు, మూడుసార్లు జరుగుతుంది. మీరు వెళ్ళాక ఏడుపు ఎంతసేపు ఉందో ఆమెను రాసిపెట్టమనండి. చాలామంది పిల్లలు కొద్ది నిమిషాల్లోనే సర్దుకుంటారు. పగలు మీరిద్దరూ ఆడే దోబూచులాట కూడా ఇదే పాఠం: పోయిన ముఖం తిరిగి వస్తుంది.

మీ విషయంలో నాకు అసలు లోపంగా కనబడేది ఆ కొత్త మనిషికి పాపను అలవాటు చేసే సమయం దొరకకపోవడం. జర్మనీలో శిశుసంరక్షణ కేంద్రాలు విరివిగా వాడే బెర్లిన్ నమూనాలో మొదటి మూడు రోజులు తల్లో తండ్రో బిడ్డతోనే ఉంటారు, రోజుకు గంట చొప్పున, విడిపోవడం అసలే ఉండదు. నాలుగో రోజు కొద్దిసేపు, ఎక్కువలో ఎక్కువ అరగంట, బయటికి వెళ్తారు. కొత్త మనిషి ఓదారిస్తే బిడ్డ ఊరుకుంటుంటే వ్యవధి పెంచుకుంటూ పోతారు, ఊరుకోకపోతే మళ్ళీ కొన్ని రోజులు తల్లిని వెంట ఉంచుతారు. కొందరికి వారం, కొందరికి రెండు మూడు వారాలు పడుతుంది. రెండు వారాలు గడిచినా మీరు ఇప్పుడూ దీన్ని చేయొచ్చు. మీకు సెలవున్న రోజుల్లో ఆమెను రమ్మని, ముగ్గురూ ఒకచోట కూర్చోండి. పాపకు తినిపించడం, నిద్రపుచ్చడం మీరు పక్కన ఉండగా ఆమె చేయాలి. మీరు ఆమెతో నవ్వుతూ మాట్లాడటం పాప చూడాలి, కొత్త మనిషి నమ్మదగినదా కాదా అని ఈ వయసు పిల్లలు అమ్మ ముఖంలోనే చదువుతారు. ఏడాది పాటైనా ఆమె మారకుండా ఉండేలా చూసుకోగలిగితే మంచిది. బిడ్డకు బయటి సంరక్షణకంటే, చూసుకునేవాళ్ళు తరచూ మారడమే ఎక్కువ కష్టం. అమెరికాలో 1991లో మొదలై 1,300 మందికి పైగా పిల్లలను అనుసరించిన పెద్ద అధ్యయనంలో, బయటి సంరక్షణ ఒక్కటే అనుబంధాన్ని చెడగొట్టలేదు. నాణ్యత లేని సంరక్షణో, చాలా గంటల సంరక్షణో, తరచూ మారే ఏర్పాటో ఇంట్లో స్పందన కరువవడంతో కలిసినప్పుడే ఇబ్బంది కనబడింది.

ఇక మీ సంగతి. కాన్పు తర్వాత డిప్రెషన్ అరుదైనది కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కల్లో ప్రసవించిన ప్రతి వందమందిలో సుమారు 13 మందికి మానసిక సమస్య, అందులో ఎక్కువగా డిప్రెషన్ ఉంటుంది. ఒకసారి వచ్చినవాళ్ళకు మళ్ళీ వచ్చే అవకాశం ఎక్కువ, నిద్రలేమి, ఉద్యోగంలో చేరడం లాంటి మార్పులు దానికి తోడవుతాయి. ఈ వారంలో ఎడిన్‌బరో ప్రసవానంతర డిప్రెషన్ ప్రశ్నావళి నింపండి. 1987 నుంచి వాడుకలో ఉంది, చాలా భాషల్లోకి అనువదించారు. పది ప్రశ్నలు, గడిచిన ఏడు రోజుల గురించి, ఒక్కోదానికి 0 నుంచి 3, మొత్తం 30. అయిదు నిమిషాలు పడుతుంది. కొన్ని ప్రశ్నలకు మార్కులు తలకిందుల వరసలో వేయాలి, అక్కడ చాలామంది తప్పుతారు, కాబట్టి మార్కుల పట్టిక చూసే కూడండి. 10 లేదా ఆపైన వస్తే వైద్యుడితో మాట్లాడాలి. 13 లేదా ఆపైన ఉంటే డిప్రెషన్ ఉండే అవకాశం బలంగా ఉందని అర్థం, ఆలస్యం వద్దు. మొత్తం ఎంత తక్కువగా ఉన్నా, పదో ప్రశ్నకు సున్నా తప్ప ఇంకేం వచ్చినా అదే రోజు సాయం కోరాలి, అది తనకు తాను హాని చేసుకోవాలన్న ఆలోచన గురించి. ఇది జల్లెడ మాత్రమే, నిర్ధారణ వైద్యుడు చేయాలి. పాప నాన్నగారూ ఒకసారి నింపితే మంచిది, డిప్రెషన్ తండ్రులకూ వస్తుంది.

చికిత్స ఉంది, పనిచేస్తుంది. మాటల చికిత్సలు ఉన్నాయి, పాలిచ్చే తల్లులు వాడదగిన మందులూ ఉన్నాయి. పాత మందు ఏదైనా వాడుతుంటే మీ అంతట మీరు ఆపకండి. తల్లికి చికిత్స చేయడం పసిబిడ్డ మానసిక ఆరోగ్యానికి చేసే పనుల్లో మొదటి వరసలోది. ఇది చదివే కొత్త తల్లుల కోసం ఒక మాట కూడా: కాన్పయిన మూడో రోజు నుంచి కన్నీళ్ళు, చిరాకు వచ్చి రెండు వారాల్లో పోవడం మామూలే. కానీ ఆ మొదటి వారాల్లోనే నిద్ర అక్కర్లేనట్టు ఉండటం, పొంతనలేని మాటలు, ఎవరో చెబుతున్నట్టు వినబడటం, బిడ్డ గురించి వింత నమ్మకాలు మొదలైతే అది ప్రసవానంతర సైకోసిస్ కావచ్చు. వెయ్యి కాన్పుల్లో ఒకటి రెండింట్లో వస్తుంది. తల్లినీ బిడ్డనూ ఒంటరిగా వదలకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళాలి.

ఏడుపు భరించలేక చేతులు వణికే క్షణం వస్తే, పాపను వెల్లకిలా ఆమె పడుకునేచోట క్షేమంగా ఉంచి, తలుపు దగ్గరగా వేసి, పక్క గదిలోకి వెళ్ళండి. అయిదు పది నిమిషాల తర్వాత వచ్చి చూడండి. ఏడిస్తే పసిబిడ్డకు ఏమీ కాదు. పట్టుకుని ఊపేస్తే మెదడులో రక్తం కారి ప్రాణం పోవచ్చు. చూసుకునే ఆమెకూ ఈ మాట స్పష్టంగా చెప్పి ఉంచండి.

వైద్యుడికి చూపించాల్సిన గుర్తులు వేరే ఉన్నాయి. తొమ్మిది నెలలు దాటినా పేరు పిలిస్తే తిరగకపోవడం, ముఖంలో రకరకాల భావాలు కనబడకపోవడం, అటూ ఇటూ శబ్దాల సంభాషణ లేకపోవడం. ఏడాది నిండినా టాటా చెప్పడం లాంటి సైగలు లేకపోవడం. ఏ వయసులోనైనా వచ్చిన మాట, నవ్వు, నైపుణ్యం పోవడం, ఇది ఒక్కటి ఉన్నా ఆగకూడదు. బరువు పెరగకపోవడం. ఫలానా మనిషిని చూడగానే బిగుసుకుపోవడం, అప్పుడు ఆ మనిషి దగ్గర బిడ్డ క్షేమంగా ఉందా అన్నది మొదట చూడాలి. ముందు పిల్లల వైద్యుడి దగ్గర వినికిడి, చూపు, చెవి ఇన్ఫెక్షన్, రక్తహీనత లాంటివి తేల్చుకోండి. వినబడని బిడ్డ పట్టించుకోనట్టే కనబడుతుంది. ఆటిజం అనుమానం ఉంటే 16 నుంచి 30 నెలల మధ్య వాడే ఎమ్-చాట్ అనే 20 ప్రశ్నల జల్లెడ ఉంది, మీ పాపకు ఇంకా ఆ వయసు రాలేదు. తల్లి ప్రేమ చాలకే ఆటిజం వస్తుందన్న ఒకనాటి వాదం పూర్తిగా తప్పు, అది ఎందరో తల్లులను ఊరకే కుంగదీసింది.

రియాక్టివ్ అటాచ్‌మెంట్ డిజార్డర్ అన్న పేరు చూసి కూడా మీరు భయపడ్డారు. అది నెలల తరబడి ఎవరూ పట్టించుకోని, చూసుకునేవాళ్ళు పదే పదే మారిపోయిన పిల్లల్లో, ముఖ్యంగా అనాథాశ్రమాల్లో కనబడే అరుదైన స్థితి. కలత కలిగినా ఎవరి ఓదార్పూ కోరరు, ఇచ్చినా తీసుకోరు. బిడ్డ ఎదుగుదల తొమ్మిది నెలల స్థాయికి రాకముందు ఆ నిర్ధారణ చేయరు. రొమేనియాలో ఆశ్రమాల్లోని 136 మంది పసిపిల్లలతో జరిగిన బుకారెస్ట్ అధ్యయనంలో, అంతటి లేమి తర్వాత కూడా మంచి పెంపుడు కుటుంబాల్లోకి వెళ్ళిన పిల్లల్లో అనుబంధం ఏర్పడింది. రెండేళ్ళలోపు వెళ్ళినవాళ్ళలో అది ఇంకా బాగా జరిగింది.

నిపుణుల సాయం కావాలనిపిస్తే, పసిపిల్లల మానసిక ఆరోగ్యంలో శిక్షణ ఉన్న సైకాలజిస్టునో పిల్లల మనోవైద్యుణ్ణో అడగండి. వాళ్ళు బిడ్డను ఒంటరిగా గదిలో కూర్చోబెట్టి చికిత్స చేయరు, మీ ఇద్దరినీ కలిపి చూస్తారు. మంచి ఆధారాలున్న పద్ధతుల్లో చాలావరకు చిన్నవే. నెదర్లాండ్స్‌లోని లైడెన్‌లో పుట్టిన విప్ పద్ధతిలో మీరూ పాపా ఆడుకునేది వీడియో తీసి, బాగా జరిగిన క్షణాలు మీకే చూపిస్తారు, ఆరేడు సందర్శనలు. మేరీ డోజియర్ రూపొందించిన ఏబీసీ కార్యక్రమంలో శిక్షకులు ఇంటికే పదిసార్లు వస్తారు. సర్కిల్ ఆఫ్ సెక్యూరిటీ తల్లిదండ్రుల బృందాలకు ఎనిమిది అధ్యాయాలు. కుటుంబంలో హింస, మనసుకు తగిలిన పెద్ద దెబ్బలు ఉంటే అలీషియా లీబర్‌మన్ బృందం రూపొందించిన తల్లీబిడ్డల సైకోథెరపీ, అది వారం వారం ఏడాది దాకా సాగుతుంది. 2003లో 70 అధ్యయనాలను కలిపి చూసినప్పుడు, సుదీర్ఘమైన వాటికంటే స్పందన మీదే దృష్టిపెట్టిన చిన్న కార్యక్రమాలే మెరుగ్గా పనిచేశాయి. మొదటిసారి వెళ్ళినప్పుడు అడగాల్సినవి: మూడేళ్ళలోపు పిల్లలతో మీ శిక్షణ ఏమిటి, మమ్మల్ని ఇద్దరినీ కలిపి చూస్తారా, ఎన్ని వారాలు, మెరుగుపడిందని ఎలా తెలుస్తుంది?

బిడ్డను బలవంతంగా పట్టి ఉంచి, కోపమంతా వెళ్ళగక్కేదాకా వదలమనే "హోల్డింగ్ థెరపీ", దుప్పట్లలో చుట్టి మళ్ళీ పుట్టించే "రీబర్తింగ్" లాంటివి అటాచ్‌మెంట్ పేరుతోనే అమ్ముతారు. 2000లో అమెరికాలోని కొలరాడోలో పదేళ్ళ పాప అలాంటి చికిత్సలో ఊపిరాడక చనిపోయింది. ఆ మాట ఎత్తినవాళ్ళ దగ్గర్నుంచి లేచి వచ్చేయండి.

సొంతంగా చదవడానికి: అమెరికాలోని జీరో టు త్రీ సంస్థ పత్రాలు మూడేళ్ళలోపు పిల్లల తల్లిదండ్రుల కోసమే సులువుగా రాసినవి. అయిదేళ్ళలోపు పిల్లల మానసిక సమస్యల వర్గీకరణను 2016లో కొత్తగా ప్రచురించింది ఆ సంస్థే, నిపుణులు వాడేది అది. ప్రపంచ ఆరోగ్య సంస్థ, యూనిసెఫ్, మరికొన్ని సంస్థలు కలిసి 2018లో తెచ్చిన నర్చరింగ్ కేర్ పత్రంలో ఆరోగ్యం, పోషణ, భద్రత, నేర్చుకోవడంతో సమానంగా స్పందించే సంరక్షణనూ నిలబెట్టారు. ప్రపంచ ఆరోగ్య సంస్థదే థింకింగ్ హెల్దీ అనే కరదీపిక ఉంది, గర్భిణులకు, బాలింతలకు డిప్రెషన్‌లో శిక్షణ పొందిన ఆరోగ్య కార్యకర్తలు అందించగల మాటల సాయం అది. తల్లుల కోసం పోస్ట్‌పార్టమ్ సపోర్ట్ ఇంటర్నేషనల్ ఆన్‌లైన్ బృందాలు నడుపుతుంది. పసిపిల్లల మానసిక ఆరోగ్య ప్రపంచ సంఘానికి చాలా దేశాల్లో శాఖలున్నాయి, నిపుణుల కోసం వెతకడానికి అక్కడ మొదలుపెట్టొచ్చు. అటాచ్‌మెంట్ తీరు తేల్చేస్తామనే పది ప్రశ్నల ఆన్‌లైన్ క్విజ్‌లు మాత్రం పక్కన పెట్టండి. పెద్దల ప్రేమ సంబంధాల కోసం అల్లిన ప్రశ్నలు పసిబిడ్డ గురించి ఏమీ చెప్పవు.

వైద్యుడి దగ్గరికి వెళ్ళేటప్పుడు నాలుగు వస్తువులు పట్టుకెళ్ళండి: వారం రోజుల ఆ పుస్తకం, పాప బరువు నమోదు కార్డు, మీరు నింపిన ఎడిన్‌బరో పత్రం, ఫోన్‌లో మూడు నిమిషాల వీడియో ఒకటి. ఆ వీడియో పాప బాగా ఏడ్చినప్పటిది కాకుండా, మీరిద్దరూ నేల మీద మామూలుగా ఆడుకుంటున్నప్పటిది అయితే వాళ్ళకు ఎక్కువ తెలుస్తుంది. కెమెరాను ఒక పక్కన నిలబెట్టి, మీ ముఖం, పాప ముఖం రెండూ పడేలా తీయండి.